వలిసె పూలు కాఫీలో ఎందుకు పండలేదు

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఫొటోలు కూడా పెద్దవి చేసి చూశాను. నాకు అర్థమైంది ఇది: నవంబరులో అరకు వెళ్లి వలిసె పూల తోట ఫొటో తీసుకొచ్చారు, అదే, పసుపు పూలు పూసే నూనెగింజల పంట. ఆఫీసులో ఇచ్చే, పాలపొడీ పంచదారా కలిసిన కాఫీ సాషేలతో దాన్ని డ్రాయింగ్ షీటు మీద వేశారు. పూలు, పొలం, కొండ, ఆకాశం అన్నీ కలిసిపోయి ఒకే గోధుమరంగు ముద్ద అయ్యాయి. కాగితం అప్పడంలా వంకర్లు తిరిగింది. ముదురుగా వేసినచోట వారమైనా వేలికి అంటుతోంది. మూడో రోజుకే చీమలు వచ్చాయి. ఒక్క రంగుతో ప్రకృతి దృశ్యం అసలు వేయగలమా, వేస్తే ఎన్నాళ్లుంటుంది, కాఫీ వాసన నిలుస్తుందా అని అడిగారు.

వేయగలం. చీమల సంగతి, జిగట సంగతి తేలికే, కింద చెబుతాను. అసలు చిక్కు వాటిలో లేదు. మీరు ఎంచుకున్న దృశ్యంలో ఉంది.

నా గురించి రెండు ముక్కలు. జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాను. కాఫీతో బొమ్మలు వేసేవాళ్లని ఎలా మొదలైంది అని అడిగితే, చాలామంది ఒక రోజు కాగితం మీద కప్పు ఒలికిందని చెబుతారు. నాకు అలాంటి కథ లేదు. మా పిల్లల దగ్గర రంగుల పెట్టెలు ఉండేవి కావు. రెండు రూపాయల కాఫీ సాషే ఒకటి కొంటే నలుగురు పిల్లలకి పీరియడంతా గడిచేది. అంతే. వాళ్లకి నేర్పబోయి నేను ఇందులో పడ్డాను.

ఇప్పుడు మీ ఫొటో తీసి ఫోన్లోనే బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. నేను మార్చి చూశాను. వలిసె పూల పసుపు చాలా లేత రంగు. మీరు ఫొటో తీసిన వేళకి ఆకాశం కూడా తెల్లగా లేతగానే ఉంది. రెండూ ఒకే బూడిదరంగులోకి వచ్చేశాయి. కొండ మీది ఆకుపచ్చకీ గట్టు మీది ఎర్రమట్టికీ రంగులో ఎంత దూరమో, వెలుగులో అంత దగ్గర. ఆ రెండూ కూడా కలిసిపోయాయి. అంటే ఆ దృశ్యం మీకు అందంగా కనిపించింది పసుపు పక్కన పచ్చ, పచ్చ పక్కన ఎరుపు ఉన్నందుకు. కాఫీలో పసుపూ లేదు, పచ్చా లేదు. ఉన్నది ముదురు, లేత. రంగు తీసేస్తే ఏమీ మిగలని దృశ్యాన్ని కాఫీకి ఇచ్చారు, అదేం చేస్తుంది పాపం.

కాబట్టి కాఫీకి బొమ్మ ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే: రంగు పోయాక ఇందులో వెలుగు ఎక్కడ, నీడ ఎక్కడ? ఆ రెండిటికీ మధ్య కనీసం మూడు మెట్లు కనిపిస్తే వేస్తాను. లేకపోతే ఎంత మంచి చోటైనా వదిలేస్తాను. మిట్ట మధ్యాహ్నపు వరి చేను, గుల్‌మొహర్ పూత, ఎండలో నీలి సముద్రం — ఇవన్నీ రంగు మీద బతికే దృశ్యాలు. వీటి జోలికి పోను. లంబసింగిలో డిసెంబరు పొగమంచు, వంజంగి కొండ మీంచి కనిపించే మబ్బుల సముద్రం, పాపికొండల మధ్య గోదావరి, సాయంత్రం ఆకాశం ముందు నల్లగా నిలబడ్డ తాటిచెట్లు, గండికోట దగ్గర పెన్నా కోసుకున్న రాతి గోడలు — ఇవన్నీ కాఫీ కోసమే పుట్టినట్టుంటాయి. పొగమంచు మరీను. మంచులో కొండలు ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోతాయి. దూరం వెళ్లేకొద్దీ మధ్యలో గాలి, తేమ ఎక్కువై కొండ రంగు ఎలాగూ చచ్చిపోతుంది, లేత మాత్రమే మిగులుతుంది. అక్కడ ప్రకృతే ఒకే ఒక్క రంగుతో బొమ్మ వేసి పెడుతోంది.

ఒక్క రంగు అనగానే ఏదో లోటు అనుకోకండి. చైనాలో సిరాకే అయిదు రంగులున్నాయని తాంగ్ రాజుల కాలం నుంచి చెప్పుకుంటారు. జపాన్‌లో హసెగావా తోహకు అనే ఆయన 16వ శతాబ్దం చివర్లో మంచులో పైన్ చెట్లని మడత తెరల మీద వట్టి నల్ల సిరాతో వేశారు. టోక్యో నేషనల్ మ్యూజియంలో ఉన్నాయవి. ఇంటర్నెట్‌లో వెతికి చూడండి. సగానికి పైగా ఖాళీ కాగితమే. ఆ ఖాళీయే మంచు. యూరప్‌లో బిస్టర్ అని ఒక గోధుమరంగు సిరా ఉండేది, కాల్చిన కట్టెల మసిని నీళ్లలో కాచి తీసేవారు. 17వ శతాబ్దంలో క్లోద్ లోరేన్ చెట్లూ నదులూ పొద్దుగుంకడాలూ వేసిన గోధుమరంగు చిత్రాలు చూస్తే ఎవరో మంచి డికాక్షన్‌తో వేశారా అనిపిస్తుంది. మన పొయ్యి మసికీ మన కాఫీకీ వంశం ఉందన్నమాట.

ఇక కాఫీ. గింజ పచ్చిగా ఉన్నప్పుడు బూడిద కలిసిన లేత ఆకుపచ్చగా ఉంటుంది. వేపితేనే ఆ గోధుమరంగు. వేపుడులో గింజలోని చక్కెరలూ, మాంసకృత్తుల ముక్కలూ కలిసి మెలనాయిడిన్లు అనే పదార్థాలవుతాయి. మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1912లో ఈ చర్య గురించి రాశారు. రొట్టె పైపొర ఎర్రబడేదీ దీనివల్లే. ఇది మీకెందుకంటే, కాఫీ రంగు నీళ్లలో కరిగిపోయే రంగు. వాటర్ కలర్‌లో ఉన్నట్టు సన్నగా నూరిన రాతిపొడి కాదు. కాగితం పీచులోకి దిగుతుంది, మళ్లీ నీళ్లు తగిలితే లేస్తుంది, ఎండకి వెలుస్తుంది. దీని మంచీ చెడూ రెండూ ఇక్కడి నుంచే.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవండి. మన దేశంలో కాఫీ-చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా కలపవచ్చు. ఎంత కలిపారో మాత్రం ప్యాకెట్ మీద వేయాలి. తాగడానికి చికోరీ బాగుంటుంది, చిక్కదనం వస్తుంది. బొమ్మకి అదే శత్రువు. చికోరీ వేరులో ఇన్యులిన్ అనే పిండిపదార్థం లాంటిది, దాంతోపాటు చక్కెరలు ఉంటాయి. అవి గాలిలోని తేమని లాక్కుంటాయి. చికోరీ లేని స్వచ్ఛమైన ఇన్‌స్టంట్ కాఫీ తీసుకోండి. పంచదార, పాలపొడి కలిసినవి మాత్రం వద్దే వద్దు. మీ బొమ్మ మీద చీమలు కళాహృదయంతో రాలేదు, మీరు వాటికి విందు వడ్డించారు.

ఫిల్టర్ కాఫీ డికాక్షన్ పనికిరాదా అని అందరూ అడుగుతారు. పనికొస్తుంది, కానీ ఇన్‌స్టంట్ అంత ముదురు రాదు. సన్నసెగ మీద సగానికి మరగబెట్టి, పలచని గుడ్డలో వడగట్టుకోవాలి. అడుగున దిగే నలుసులు రాళ్లకీ, మట్టి గట్లకీ బాగుంటాయి. "అరకు కొండలు వేస్తున్నారు కదా, అరకు కాఫీతోనే వేస్తారా?" అని అడిగేవాళ్లు ఇంకొందరు. అరకు అరబికాకి 2019లో జీఐ, అంటే ఆ ప్రాంతం పేరు మీద ఇచ్చే భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన గిరిజన రైతులు కష్టపడి పండించే గింజ అది. దాన్ని నేను తాగుతాను. బొమ్మలకి కిరాణా కొట్లో దొరికే చవక ఇన్‌స్టంట్.

రంగు కలుపుకోవడంలోనే సగం మంది దెబ్బతింటారు. నాకు అయిదు మెట్లు కావాలి. దానికి గుంత పొంగనాల పెనం వాడతాను, నాన్‌స్టిక్‌ది. మొదట్లో ఇంట్లో ఉన్న పాత ఇనప పెనం వాడాను. రాత్రి వదిలేస్తే పొద్దున్నకి కాఫీ గోధుమరంగు పోయి మురికి నలుపు తిరిగింది. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమితో గీస్తే నల్లబడుతుంది చూడండి, ఇంచుమించు అదే సంగతి. కాఫీలోనూ ఇనుముతో కలిస్తే రంగు మారే ద్రవ్యాలున్నాయి. కావాలని చేసుకుంటే అదొక కొత్త రంగు. తెలియకుండా జరిగితే మాత్రం తలనొప్పి. మా ఆవిడ పెనం తిరిగి ఇవ్వాల్సి రావడం ఇంకో తలనొప్పి.

నాలుగు చెంచాల పొడిలో నాలుగు చెంచాల వేడినీళ్లు పోసి కలిపితే చిక్కటి మూలరసం వస్తుంది. అది మొదటి గుంత. రెండో గుంతలో ఒక వంతు మూలరసానికి రెండు వంతుల నీళ్లు. మూడోదాంట్లో ఎనిమిది వంతులు. నాలుగోదాంట్లో పాతిక. అయిదోదాంట్లో ఎనభై, అంటే నీళ్లలో కాఫీ పేరు చెప్పినట్టు. అంకెలు వింతగా ఉన్నాయా? అందరూ చేసేది "ఒక చెంచా పొడి, రెండు చెంచాలు, మూడు చెంచాలు" అని సమానంగా పెంచుకుంటూ పోవడం. అలా చేస్తే లేత వైపు ఒక్కసారిగా గెంతి, ముదురు వైపు మూడు గిన్నెలూ ఒకేలా కనిపిస్తాయి. కంటికి మెట్లు సమానంగా కనబడాలంటే కలిపేది సమానంగా ఉండకూడదు, ప్రతి మెట్టుకీ ఇంచుమించు మూడింతలు పలచబడాలి. అయిదింటినీ ఒక కాగితం ముక్క మీద పక్కపక్కన పూసి ఆరనివ్వండి. పలచటివి ఆరాక ఇంకాస్త లేతబడతాయి, కాబట్టి తడిమీద చూసి తీర్పు చెప్పొద్దు. ఆ ముక్క బల్ల మీద మీ ఎదురుగా పెట్టుకుని బొమ్మ వేయండి.

కాగితం గురించి కొంచెం కఠినంగానే చెబుతాను. కాఫీలో మిగిల్చిన డబ్బంతా కాగితం మీద పెట్టండి. మామూలు డ్రాయింగ్ షీటు పెన్సిలుకి చేసింది. నీళ్లు పడగానే పీచు ఉబ్బుతుంది, ఒకచోట తడి, ఒకచోట పొడి, అందుకే మీకు అప్పడమైంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు), పూర్తి కాటన్, కోల్డ్ ప్రెస్ (పైభాగం కాస్త గరుకుగా ఉండేది) అని అడగండి. ఫుల్ షీటు 22 అంగుళాలు, 30 అంగుళాలు ఉంటుంది. ఎనిమిది ముక్కలు చేసుకుంటే ఒక్కో బొమ్మకి పడే ఖర్చు మీరు అనుకున్నంత ఉండదు. నాలుగు పక్కలా మాస్కింగ్ టేపుతో చెక్కకి బిగించి, బొమ్మ పూర్తిగా ఆరేదాకా విప్పకండి. కొట్లో ఏ కాగితం ఇచ్చినా ముందు ఒక మూల నీటిబొట్టు వేసి అర నిమిషం చూడండి. బొట్టు బొట్టులా నిలబడితే కాగితానికి గంజి సరిగా పట్టించారని లెక్క. వెంటనే పీల్చేసుకుంటే దాని మీద పడ్డ కాఫీ చుక్క మీ మాట వినదు, తుడిచినా లేవదు.

ఇక వేయడం. వలిసె తోట పక్కన పెట్టి, అరకు దారిలోని గాలికొండ వ్యూపాయింట్ దగ్గర పొద్దున్నపూట మంచు అనుకుందాం. దూరంగా రెండు కొండ వరుసలు, దగ్గరలో ఒక గట్టు, దాని మీద నాలుగు సిల్వర్ ఓక్ చెట్లు. ఇంతే వేయండి, ఇంకేమీ పెట్టొద్దు.

పెన్సిలు గీత కనీకనపడకుండా ఉండాలి. రబ్బరు గట్టిగా రుద్దితే కాగితం పైపొర లేచిపోయి, తర్వాత అక్కడ మచ్చ కడుతుంది. పెద్ద కుంచెతో ఆకాశం భాగమంతా మంచినీళ్లు పూసి ఆగండి. మొదట నీటిగుంటలా తళతళలాడుతుంది. కాసేపటికి నూనె రాసిన జుట్టులా మెత్తటి మెరుపు మిగులుతుంది. అప్పుడే కుంచె పెట్టాలి. చెక్క కింద పై అంచున ఒక లావుపాటి పుస్తకం పెట్టి ఏటవాలు చేసి, అయిదో గుంతతో పైనుంచి కిందకి అడ్డంగా లాగండి. కిందకి వచ్చేకొద్దీ కాఫీ మాని వట్టి నీళ్లు. కొండల దగ్గర తెల్లకాగితమే మిగలాలి. సూర్యుడు అక్కడే ఉన్నాడు.

పూర్తిగా ఆరిందా లేదా అన్నది చేతి వెనకవైపు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఆరలేదు. ఇక్కడ ఓపిక లేకనే చాలా బొమ్మలు పోతాయి. హెయిర్ డ్రయ్యర్ పెట్టొచ్చు గానీ, పైన నీటి మెరుపు పోయాకే పెట్టాలి. ముందే పెడితే గాలి నీటిని నెట్టుకెళ్లి ఎక్కడో మడుగు కడుతుంది.

తర్వాత దూరపు కొండ, నాలుగో గుంతతో. కొండ శిఖరం గీత కచ్చితంగా ఉండాలి, పాదం దగ్గర మంచులో కరిగిపోవాలి. కొత్తవాళ్ల బొమ్మల్లో ఇది సరిగ్గా తిరగబడుతుంది. చెక్క ఏటవాలుగా ఉంది కనక కాఫీ కిందకి జారి పాదం దగ్గర ముదురుగా చేరుతుంది, శిఖరం వెలవెలబోతుంది. మంచు ఉండాల్సిన చోట బురద కనిపిస్తుంది. మందు ఏమిటంటే, కొండలు వేసేటప్పుడు చెక్కని తలకిందులు చేయండి. శిఖరం గీత ఇప్పుడు మీ వైపు, కిందకి ఉంటుంది. పాదం వైపు ముందుగా మంచినీళ్లు పూసి, శిఖరం వైపు కాఫీ పెట్టి వదిలేస్తే, అది తనంతట తానే శిఖరం దగ్గర చేరుతుంది. పాదం వైపు పలచబడి మాయమవుతుంది. నాకిది ఎవరూ చెప్పలేదు. ఓ రోజు చెక్క జారి పడబోతే తిరగేసి పట్టుకున్నాను, మంచు వచ్చింది. నేను నేర్చుకున్నవాటిలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఇదే.

ఆరనిచ్చి, ఒక అంగుళం కిందుగా రెండో కొండ, మూడో గుంతతో, అలాగే తలకిందులుగా. మొదటి కొండ పాదం తెలుపులోంచి రెండో కొండ ముదురు శిఖరం లేవాలి. ఆ తేడానే రెండు కొండల మధ్య లోయ. మొదటి పొర మీద రెండోది వేసేటప్పుడు మెత్తటి కుంచెతో ఒక్క చేతితో లాగేయండి. అక్కడక్కడే రుద్దితే కింది కాఫీ కరిగి లేచిపోతుంది, ముందే చెప్పాను కదా.

గట్టు, చెట్లు చివరిన. సిల్వర్ ఓక్ మాను నిటారుగా పోతుంది, మిరియాల తీగ పాకి మధ్యలో లావుగా కనిపిస్తుంది. రెండో గుంతతో సన్నకుంచె పట్టుకుని కిందనుంచి పైకి ఒక్క గీతలో లాగండి. తడి ఆరకముందే వెలుగువైపు అంచుని పిండిన కుంచెతో ఒకసారి తుడిస్తే కాఫీ లేచి మానుకి గుండ్రదనం వస్తుంది. ఆకులు ఒక్కొక్కటీ వేయొద్దు. కుంచెలో తడి దాదాపు ఆరగొట్టి, పక్కకి పడుకోబెట్టి గరుకు కాగితం మీద రాస్తే చాలు, ఆకుల మధ్య వెలుగు దానంతటదే మిగులుతుంది.

మొదటి గుంతలోని అసలు ముదురు, బొమ్మ మొత్తం మీద కలిపి బొటనవేలి ముద్రంత మించకూడదు. చెట్టు మొదట్లో, తీగ నీడలో, అంతే. కాఫీ ఎంత ముదురు చేసినా నలుపు కాదు. ముదురు అనిపించేది దాని పక్కన వదిలిన తెలుపు వల్ల. నలుపు కావాలని మీరు పొర మీద పొర ముద్దగా పెట్టారు, అందుకే అది జిగట బంకలా మిగిలిపోయింది. ఆరాక మెరుస్తోందంటే ఎక్కువైందని అర్థం. మరీ ముదురు కావాలంటే మూడు పలచటి పొరలు వేయండి, మధ్యలో ఆరనిస్తూ. ఇప్పుడున్న బొమ్మలో ఆ మెరిసేచోట్ల తడి కుంచె ఆనించి, టిష్యూతో అద్ది ఎక్కువైంది తీసేయొచ్చు. కానీ నిజం చెప్పాలంటే, పంచదార ఉన్న కాఫీ కనక దాన్ని కాపాడే ప్రయత్నం చేయకండి. కొత్తది వేయండి.

తెలుపుకి తెల్లరంగు లేదు, కాగితమే తెలుపు. కొంగల గుంపు, జలపాతం ధార లాంటివి వదులుతూ వేయడం కష్టమైతే, ముందే తెల్ల కొవ్వొత్తితో గీసేయండి, మైనం మీద కాఫీ పట్టదు. కటికి జలపాతం ఇలాగే వేశాను, తెల్లగా వదలాల్సిన చోట పూసి తర్వాత ఊడదీసే మాస్కింగ్ ఫ్లూయిడ్ కన్నా సహజంగా వచ్చింది. కల్లుప్పు చల్లితే నక్షత్రాల్లా మచ్చలొస్తాయని వీడియోల్లో చూపిస్తారు. వస్తాయి. కానీ మా కోస్తాలో ఉప్పు తేమ పీల్చి ఆ చోటు ఎప్పటికీ చెమ్మగానే ఉంటుంది. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కనక వేసుకోవచ్చు, ఆరాక గింజలన్నీ దులిపేయండి. హైదరాబాద్ ఎండాకాలంలో మీకు వచ్చే ఇబ్బంది వేరు: ఆకాశం సగం పూసేలోపే పై సగం ఆరిపోయి గీత కడుతుంది. ఫ్యాన్ ఆపేసి పొద్దున్నే వేసుకోండి.

మీ ఫొటోలో ఇంకొకటి చూశాను. ఆకాశంలో అక్కడక్కడ అంచులు ముదిరిన వలయాలున్నాయి. అవి తప్పే, కానీ గొప్ప తప్పు. కాఫీ చుక్క ఆరితే అంచున నల్లటి గీత ఎందుకు పడుతుందో 1997లో షికాగో విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో వివరించారు. చుక్క అంచు కాగితాన్ని పట్టుకుని కదలదు. అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోంచి నీరు అంచుకి పరుగెత్తుతుంది, వెళ్తూ కాఫీ రేణువుల్ని మోసుకుపోతుంది. కాఫీ మరక పేరు మీదే ఆ శాస్త్రం నడిచింది చూడండి! ఆకాశంలో ఇది వద్దనుకుంటే మడుగులు మిగల్చకండి, చివర చేరిన బొట్టుని పిండిన కుంచెతో పీల్చేయండి. కావాలనుకుంటే, చెక్కని బల్లపరుపుగా పెట్టి, మూడో గుంత కాఫీని ఆకు ఆకారంలో నిండుగా నింపి, కదపకుండా వదిలేయండి. ఆరాక అంచు దానంతటదే గీసినట్టు తేలుతుంది. తామరాకులూ, ఏటి ఒడ్డున గులకరాళ్లూ నేను ఇలాగే వేస్తాను. గీత ఒక్కటీ గీయను.

ఎన్నాళ్లుంటుంది అన్నారు. ఇక్కడ నా తప్పు చెప్పుకుంటాను. దగ్గర బంధువుల గృహప్రవేశానికి గోదావరి బొమ్మ ఒకటి ఇచ్చాను. వాళ్లు హాల్లో పడమటి కిటికీ ఎదురుగా పెట్టారు. రెండేళ్లకి వెళ్లి చూస్తే ఆకాశం లేదు, దూరపు కొండా లేదు. పడవ, ఒక తాటిచెట్టు మిగిలాయి. పలచటి పొరలు ముందు పోతాయి, మంచు బొమ్మలో ఉన్నవన్నీ పలచటి పొరలే. ఇంకోసారి ఫ్రేము కట్టేవాళ్లు మౌంట్ (బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రం) లేకుండా అద్దాన్ని నేరుగా బొమ్మకి ఆనించేశారు. వానాకాలంలో అద్దానికి అంటుకుపోయింది, ఊడదీస్తే సగం అద్దం మీదే ఉంది. అడగకపోవడం నాదే పొరపాటు. అప్పటినుంచి చుట్టూ మౌంట్ బోర్డు పెట్టించి అద్దానికీ బొమ్మకీ మధ్య ఖాళీ ఉంచుతాను, వెనక టేపుతో మూయిస్తాను, ఎండ పడని గోడ, చెమ్మ లేని గోడ చూసి పెట్టమని చెబుతాను.

ఫిక్సేటివ్ స్ప్రే కొట్టొచ్చు. ఆరుబయట, అడుగు దూరం నుంచి, పలచగా రెండు మూడుసార్లు. చేతికి అంటకుండా ఆపుతుంది. ఎండకి వెలవడం మాత్రం ఆపదు, దాని మీద అన్ని ఆశలు పెట్టుకోవద్దు. కుంచెతో పూసే నీటి వార్నిష్ జోలికి పోకండి, మొదటి పూతకే బొమ్మ కదిలిపోతుంది. ఇంతకన్నా ముఖ్యం: వేసిన వారంలోనే బొమ్మని మంచి స్కానర్ మీద తీయించి దాచుకోండి. అమ్మే ఉద్దేశం ఉంటే, ఇది వెలిసే రంగు అని కొనేవాళ్లకి ముందే చెప్పండి. నేను చెబుతాను. ఇద్దరు ముగ్గురు వద్దని వెళ్లిపోయారు కూడా.

కలిపిన రసం మిగిలితే గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం నిలుస్తుంది. బయట పెడితే వేసవిలో మూడో రోజుకి బూజు తేలుతుంది. లవంగ నూనె ఒక్క చుక్క వేస్తే ఇంకొన్నాళ్లు ఆగుతుంది. సీసా మీద పెద్ద అక్షరాలతో "బొమ్మలకి" అని రాసి అంటించండి, మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లో జరగకుండా ఉంటుంది.

తర్వాతి బొమ్మ పెట్టేటప్పుడు దాని పక్కన బ్లాక్ అండ్ వైట్ ఫొటో, అయిదు మెట్ల ముక్క కూడా పెట్టండి. అప్పుడు ఎక్కడ తప్పిందో నేను చెప్పక్కర్లేదు, మీకే కనిపిస్తుంది. వలిసె పూలే కావాలని పట్టుదల ఉంటే మళ్లీ నవంబరులో వెళ్లి, సాయంత్రం ఎండ ఎదురుగా పడేటప్పుడు తోట అంచున కూర్చుని తీయండి. వెలుగు పూల వెనకనుంచి వస్తే రేకలు తెల్లగా వెలిగి, కాడలు, వెనక కొండ ముదురుగా నిలుస్తాయి. అప్పుడు అది కాఫీ బొమ్మ.

వాసన అడిగారు. వేసిన రోజు గదంతా ఘుమఘుమలాడుతుంది. నాలుగైదు రోజులకి తగ్గిపోతుంది, ఫ్రేము కట్టాక ఏమీ ఉండదు. కొనడానికి వచ్చినవాళ్లు ముందు బొమ్మ దగ్గర ముక్కు పెడతారు, ఆ తర్వాతే కళ్లు.